కంచము ముందు దిగులేల?

కోటి విద్యలును కూటికొఱకే యని మన పెద్దల మాట. ఇప్పుడు ఆ కూటిని గుఱించియే కోటి విద్యలు బయలుదేఱినవి. సంఘ కార్యాలయమునకు ఎరువుల నిమిత్తమో, అప్పుపత్రము తిరుగవ్రాయుటకో వచ్చిన సభ్యులు వసారాలో కూర్చుండి ముచ్చటించు సంగతులలో, ధాన్యము ధర తరువాతి స్థానము నేడు చక్కెరవ్యాధికి లభించినది. అన్నము ముట్టరాదని యొకరు, నూనె చుక్క తగులరాదని యొకరు, దినమునకు పదివేల అడుగులు నడువనిదే ప్రయోజనము లేదని వేఱొకరు చెప్పుదురు. ఇవన్నియు విన్న రైతు ఇంటికిపోయి కంచము ముందు కూర్చుండునప్పటికి ఆకలికి బదులు దిగులు పుట్టుచున్నది. ఈ దిగులు అనవసరమనియు, దానిని విడిచియే ఆరోగ్యమును కాపాడుకొనవచ్చుననియు, అయితే విడువరాని జాగ్రత్తలు కొన్ని కలవనియు చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కొన్ని సంవత్సరములుగా మన విజయవాడ ప్రాంతమునుండియే పరస్పర విరుద్ధములైన రెండు పథ్యములు తెలుగునాట వ్యాపించినవి. ఒకదానిలో ఉప్పును, నూనెయు వర్జ్యములు; పచ్చికూరలు, మొలకలు, పండ్లు ప్రధానములు. రెండవదానిలో అన్నమును, పప్పును, పండ్లును వర్జ్యములు. కొబ్బరినూనె, వెన్న, మాంసము ప్రధానములు. ఒకరు అమృతమన్నది మఱియొకరికి విషమయ్యెను. రెంటివలనను మేలు పొందితిమని చెప్పువారు మన గ్రామములలో నున్నారు. రెంటిని నెల తిరుగకుండ విడిచినవారును ఉన్నారు.

మా సభ్యులలో ఒక పెద్దరైతు చక్కెరవ్యాధికి చాల కాలముగా మాత్రలు వాడుచుండెను. ఎవరో చెప్పగా విని కఠినమైన పథ్యము పట్టి, ఇక అవసరము లేదని మాత్రలు మానెను. మొదటి మాసమున బరువు తగ్గెను; ఆయనయు సంతోషించెను. మాఘమున మేనకోడలి పెండ్లిలో పులిహోరయు, రెండు బొబ్బట్లును తినెను. మఱునాటినుండి “ఎటులైనను వ్రతభంగమయినది గదా” యని పథ్యమును పూర్తిగా విడిచెను. మాత్రలు మాత్రము మరల మొదలిడలేదు. వైద్యునివద్దకు పోవుటకు సిగ్గుపడెను. జ్యేష్ఠమున అరికాలి పుండుతో ఆసుపత్రి చేరగా కాలివ్రేలొకటి తీసివేయవలసి వచ్చెను. ఆ తొలకరికి ఆయన నారుమడిలో దిగలేదు. ఆయనను చెఱచినది ఆ రెండు బొబ్బట్లు కావు. మోయలేని నియమమును భయముచే నెత్తుకొని, సిగ్గుచే దించివేయుటయే చెఱచినది.

బియ్యము నేర్పిన పాఠము

ఆహారమునుగూర్చిన భయము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1855 నాటికి విజయవాడవద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియై కాలువలు పారినపిదప డెల్టాలో వరిసాగు విస్తరించెను. ఇరువదవ శతాబ్దమున రైసుమిల్లులు వచ్చువఱకు వడ్లను రోటిలో దంచుకొనుట వాడుక. దంపుడు బియ్యమున తవుడు కొంత మిగిలియుండును. మిల్లులో తెల్లగా మెఱుగుపట్టిన బియ్యమున అది మిగులదు. నూఱు కిలోల వడ్లు మరపట్టినచో సుమారు ఇరువది కిలోలు ఊకగాను, ఎనిమిది కిలోలు తవుడుగాను పోవును. ఊక మనకు ఆహారము కాదు. తవుడు మాత్రము సారవంతమైన పదార్థము.

ఈ సంగతి లోకమునకు కోళ్ళవలన తెలిసినది. 1890వ దశకమున డచ్చివారి యేలుబడిలోనున్న జావాద్వీపమున ఐక్‌మన్ అను వైద్యుడు, తెల్లబియ్యము మేసిన కోళ్ళు కాళ్ళు పట్టుతప్పి కూలుటయు, తవుడు తీయని బియ్యము పెట్టగానే కోలుకొనుటయు గమనించెను. మనుష్యులకు వచ్చు బెరిబెరి యను వ్యాధియు ఇట్టిదే. కాళ్ళు తిమ్మిరెక్కి బలము తప్పును. కొందఱికి కాళ్ళు వాచి గుండె దుర్బలమగును. తవుడులో నుండు థయమిన్, అనగా బి1 విటమిను, లోపించుటయే దీనికి కారణమని పిమ్మట తేలెను. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమాన మొసగిరి.

మన ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు ఈ బెరిబెరికి పేరుపడినవి. ఈ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరునందు మెకారిసన్ దొర ఒక్క గదిలో ప్రారంభించిన చిన్న శాఖయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. ఆ కూనూరు పరిశోధనశాలకు అధిపతిగానుండిన ఎక్రాయిడ్ తన సహచరులతోగూడి 1940లో బియ్యపు సమస్యపై విపులమైన గ్రంథమును వెలువరించెను. ఉప్పుడు బియ్యము తినుచోట్ల బెరిబెరి అరుదనియు, పచ్చివడ్లను మరపట్టి తెల్లబియ్యము తినుచోట్లనే అది కానవచ్చుననియు వారు నిరూపించిరి. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని సారము కొంత గింజలోనికి దిగుటయే దీనికి కారణము. 1934లో గాంధీమహాత్ముడు నెలకొల్పిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడు బియ్యమును ప్రచారము చేసెను.

ఇందు మనము గమనింపవలసినదేమి? అంతటి వ్యాధిని నివారించుటకు ఎవ్వరును అన్నము మానవలసిన పని లేకపోయెను. మెఱుగు కొంత తగ్గించుట, గంజి వార్చి పారబోయకుండుట, కంచములో పప్పును కూరను పెంచుట, ఇంతమాత్రమే కావలసియుండెను. చిన్న మార్పైనను ఇంటిల్లిపాదియు నిత్యము పాటింపగలిగినదే ఫలించును.

నేడు బెరిబెరి అరుదు. దాని స్థానమున చక్కెరవ్యాధి వచ్చినది. మన దేశమున 10.1 కోట్ల జనులకు ఈ వ్యాధి గలదని 2023లో వెల్లడియైన వైద్యపరిశోధనా మండలి లెక్క. దీనికి బియ్యమొక్కటే కారణమనుట న్యాయము కాదు. 1986లో మన బాపట్ల పరిశోధనస్థానమునుండి విడుదలయిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, దేశమంతటను మెప్పుపొందిన సన్నబియ్యము. అది మన డెల్టాకు గౌరవము. తప్పు గింజయందు లేదు. దానిని అద్దమువలె మెఱుగుపెట్టుటయందును, కంచము నిండ అదియే పెట్టుకొనుటయందును ఉన్నది.

ఇంటి వాడుకకు వడ్లు ఆడించునప్పుడు సింగిల్ పాలిషు చాలునని మిల్లువానితో చెప్పవచ్చును. తవుడున్న బియ్యము త్వరగా ముక్కవాసన పట్టి పురుగుపట్టును గనుక, ఒక నెలకు సరిపడునంతయే ఆడించుట మేలు. కడుగుట ఒకటి రెండుమార్లతో ముగించి, గంజి వార్చకుండ అత్తెసరు పెట్టినచో సారము నిలుచును. అయితే ముడిబియ్యమైనంతమాత్రమున ఎంత తిన్నను దోషము లేదని తలపరాదు. చక్కెర విషయమున ముడిబియ్యమునకును తెల్లబియ్యమునకును గల భేదము కొంచెమే, పరిమాణమే ముఖ్యము.

కష్టము తగ్గినది, కంచము తగ్గలేదు

మన తాతలు గిన్నెడన్నము తిని ఆరోగ్యముగా నుండిరిగదా యని కొందఱందురు. వారు తిన్నది చెప్పుదురుగాని చేసినది చెప్పరు. ఎడ్లవెంట దుక్కి దున్ని, దమ్ముచేసి, నారుతీసి, పనలు మోసి, కుప్పవేసి, నూర్చి, తూర్పారబట్టి, బండి కెత్తి, పిదప మైళ్ళకొలది నడచి యిల్లు చేరినవారికి ఆ అన్నము చాలీచాలకయుండెను. నేడు దున్నుట ట్రాక్టరు వంతు; కోతయు నూర్పిడియు యంత్రము వంతు; కొన్ని యూళ్ళలో నాట్లుకూడ యంత్రముచేతనే జరుగుచున్నవి. చేనిగట్టు వఱకు మోటారుసైకిలుపైననే పోవుచున్నాము.

దీనికి విచారింపవలసిన పని లేదు. వంగి నాట్లువేసి నడుములు విఱుగగొట్టుకొన్న కూలితల్లుల కష్టము తగ్గుట మంచిదే. కాని దేహము మానిన పనిని కంచము మానలేదు. ఈ లెక్క తేడాయే క్రమముగా నడుముచుట్టును, రక్తములోను చేరుచున్నది. ఇది ఇరువది సంవత్సరములలో కలిగిన మార్పు; నలువది దినములలో దీనిని తుడిచివేయవలెనని తొందరపడుటవలననే పథ్యములు కఠినమై, ఆ కాఠిన్యమువలననే విఱిగిపోవుచున్నవి.

కంచము సర్దుకొను విధము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహారసూత్రములను క్రొత్తగా ప్రకటించినది. దినమునకు రెండువేల కేలరీలు కావలసినవారికి అందు చెప్పిన దినుసులు పచ్చితూకమున ఇట్లున్నవి: ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలును ఆకుకూరలును కలిసి 400, పప్పులు గాని, వానిలో కొంతకు బదులుగా గ్రుడ్లు, చేపలు, మాంసము గాని 85, పండ్లు 100, వేరుసెనగవంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటరులు.

ఈ అంకెలను చూచి త్రాసు కొనితెచ్చుకొనవలదు. ఇందులో కంటితో చూడవలసిన విషయమొక్కటే: కూరలతూకము బియ్యపుతూకముకంటె ఎక్కువ. మన యిండ్లలో దీనికి తలక్రిందులుగా నున్నది. కావున కంచములో సగము కూరయు ఆకుకూరయు, పాతిక పప్పు లేక చేప, పాతిక అన్నము నుండునట్లు క్రమముగా చేరుకొనవలెను. ఒక్కనాటిలో చేరనక్కఱలేదు. ఈ మాసమున ఒక గరిటెడన్నము తగ్గించి ఒక గరిటెడు పప్పు పెంచుడు. వచ్చు మాసమున రెండవ కూర చేర్చుడు. ఆకలితో లేవవలసిన పని లేదు. పప్పును కూరయు పెరిగినకొలది అన్నపు కోరిక తనంతట తగ్గును.

ఇందుకు కావలసినది అంగడిలో వెదకనక్కఱలేదు. వరికోతకు రెండుమూడు దినముల ముందు నిలిచిన చేలలో మినుములో పెసలో చల్లి, మిగిలిన పదునుతోనే పంట తీయుట మన డెల్టారైతుల నేర్పు. అట్లు పండించిన పప్పునంతయు కాటాకు తూచి, ఇంటికి సంవత్సరమునకు చాలినంత నిలుపుకొనని గృహములు అనేకము గలవు. గోంగూర, తోటకూర, బచ్చలి, మునగాకు గట్టునను దొడ్డిలోను పెరుగునవే. కైకలూరు, మండవల్లి చెఱువులలోని శీలావతి, బొచ్చె లారీలెక్కి దూరదేశములకు పోవుచుండగా, ఆ చెఱువుగట్టున నివసించు మనము వారమున కొక్కమాఱైన వండుకొనుట గొప్ప ఖర్చు కాదు.

మన పొరుగు గోదావరిడెల్టాలోని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఇచట స్మరింపదగినది. అమెరికాలో ఆయన నడిపిన పరిశోధకబృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన సంగతిని ప్రకటించెను. అది లోపించినచో ఒక విధమైన రక్తహీనత కలుగును. ఆ ఫోలికామ్లము మన మినుములలో, పెసలలో, ఆకుకూరలలో సహజముగనే కలదు.

పండుగలను గుఱించి ఒక మాట. సంక్రాంతికి అరిసె, ఉగాదికి బొబ్బట్టు, పెండ్లిలో పులిహోర తినుట నేరము కాదు. సంవత్సరమున పండుగలు పదిపదునైదు. తక్కిన మూడువందల యేబది దినముల కంచమే దేహమును నడుపును. విందు తినిన మఱునాడు ఉపవాసముతో శిక్షించుకొనక, ఎప్పటివలె పప్పన్నము తినుటయే ప్రాయశ్చిత్తము. మన సభ్యుని కథలో లోపించినది ఈ ఒక్క విషయమే.

నడకకు లెక్కలేల?

పదివేల అడుగుల మాట ఎచటినుండి వచ్చినది? 1965లో జపానుదేశమున అడుగులు లెక్కించు ఒక చిన్న పరికరమును అమ్మకమునకు పెట్టి, దానికి “పదివేల అడుగుల కొలత” యను అర్థము వచ్చు పేరిడిరి. అంకె గుండ్రముగా నున్నది గనుక లోకమంతయు పట్టుకొన్నది. 2019లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, సగటున 72 ఏండ్ల వయసుగల స్త్రీలలో దినమునకు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 వేయువారిలో మరణములు స్పష్టముగా తక్కువయనియు, 7,500 దాటినపిదప ఆ తేడా మఱి పెరుగలేదనియు తేలినది. అనగా పదివేలు చేరలేదని నడకయే మానుట అవివేకము; కొంచెము నడిచినను కొంచెము ఫలము గలదు.

పెద్దవారికి వారమునకు 150 నిమిషములు తక్కువగాకుండ ఓ మోస్తరు శ్రమ చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. దినమునకు లెక్కించిన ఇరువదిరెండు నిమిషములు. కాలువగట్టు వెంట చేనికి పోయివచ్చిన ఇది తీఱును. మాటలాడగలిగియు పాట పాడలేనంత వేగము సరియైన వేగము. కండబలమునకు వారమున రెండు దినములు దండీలు, బస్కీలు తీయగలవారు తీయుదురు. తీయలేనివారు పలుగుపార పట్టి దొడ్డిలో పాదులు త్రవ్విన చాలును. చేతుల ఆనిక లేకుండ నేలనుండి లేచుట ముసలివారికి మంచి సాధన.

వారమున రెండు దినములు తప్పినను మూడవనాడు మరల నడువవచ్చును. రోహిణికార్తెలో ఱోళ్ళు పగులు నెండలలో మాత్రము పౌరుషమునకు పోరాదు. సూర్యోదయమునకు ముందో, ప్రొద్దుగ్రుంకిన పిదపనో నడువవలెను. పురుగుమందు కొట్టిన చేలగట్టుపై ఆనాడు నడువకుండుట క్షేమము.

ఇల్లాలి కంచము

పథ్యముల ముచ్చటలో తఱచుగా మఱవబడునది ఇల్లాలు. యజమానికి వేఱు వంట, పిల్లలకు వేఱు వంట చేసి, అందఱును తినినపిదప మిగిలిన అన్నమును పచ్చడితో కలుపుకొని తినునామె ఆమెయే. అందఱును ఒక్కమాఱు కూర్చుండి, ఒకే వంట తినుట ఆరంభించినచో ఆమె పని తగ్గును. పప్పును కూరయు ఆమె కంచములోనికి కూడ వచ్చును. స్త్రీలలో రక్తహీనత అధికముగా నున్న మన దేశమున ఈ ఒక్క మార్పు ఏ పథ్యమునకును తీసిపోదు. ఒక్కని భయముకొఱకు ఇంటిలో రెండు పొయ్యిలు వెలిగించు నియమము ఎంత గొప్పదైనను చిరకాలము నిలువదు.

నిశ్చింత వేఱు, నిర్లక్ష్యము వేఱు

నిశ్చింతగా నుండుడని చెప్పినంతమాత్రమున అన్నిటిని గాలికి విడువుమని అర్థము కాదు. ముప్పది యేండ్లు దాటినవారు సంవత్సరమున కొకమాఱైన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రక్తపుపోటును, చక్కెరను చూపించుకొనవలెను. ఈ రెండు వ్యాధులును మొదట బాధ పెట్టవు. బాధ తెలియునప్పటికి మూత్రపిండములకో, కన్నులకో, కాళ్ళకో చేటు వచ్చియుండును. ఆహారము మార్చుకొనువారు వైద్యునికి చెప్పియే మార్చవలెను. చక్కెర మాత్రలు వాడుచు హఠాత్తుగా అన్నము మానినచో చక్కెర మితిమీఱి పడిపోయి మూర్ఛ రావచ్చును. తిండి కుదిరినదని మాత్రలు మానుటయు అంతటి ప్రమాదమే. మాత్రలు తగ్గింపవలెనా యన్నది వైద్యుడు పరీక్షించి చెప్పవలసిన మాట. చక్కెరవ్యాధి గలవారు చేలనుండి రాగానే కాళ్ళు కడిగి, అరికాళ్ళను చూచుకొనవలెను.

ఉప్పు దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చెంచాడు, మించరాదు. ఆవకాయ, ఊరుమిరపకాయ, అప్పడములలోని ఉప్పుకూడ ఈ లెక్కలోనిదే. ఆవకాయను వదలనక్కఱలేదు, ముద్దముద్దకు గాక అంచునకు పెట్టుకొనుడు. చుట్టయు, సారాయియు విషయమున మాత్రము మితమను మాటకు ఆశ్రయమీయజాలము, మానుటయే మేలు.

సంఘము చేయదగినది

ఒక్కరి వలన కాని పని నలుగురు కూడి చేయుటకే సహకారసంఘ మేర్పడినది. మిల్లువాడు ఒక్క బస్తా వడ్లను సింగిల్ పాలిషు పట్టుటకు విసుగుకొనును. సభ్యులు ముప్పదిమంది కలిసి నెలకొకనాడు ఏర్పఱచుకొన్నచో కాదనడు. మాఘఫాల్గునములలో మినుము, పెసర పంట వచ్చినపుడు కొన్ని బస్తాలు సంఘపు గోదాములో నిలువచేసి, సంవత్సరము పొడవునను సభ్యుల గృహములకు సరసమైన ధరకు పప్పు అందింపవచ్చును. తొలకరిలో వరివిత్తనములతోపాటు తోటకూర, బెండ, బీర, ఆనప విత్తనముల చిన్న పొట్లమును ఒక్కొక్క యింటికి ఇచ్చినచో ఖర్చు స్వల్పము, ఫలము అధికము. రాబోవు సర్వసభ్యసమావేశమున ఈ మూడింటిని ఆలోచింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.

పైన చెప్పిన రైతు ఇప్పుడు కోలుకొని, మాత్రలు క్రమముగా వాడుచు, ప్రొద్దుటిపూట కాలువగట్టున మెల్లగా నడచుచున్నాడు. ఈ సంక్రాంతికి ఆయన ఒక అరిసె తినెను. మఱునాడు ఎప్పటివలె మాత్ర వేసికొని, గోంగూరపప్పుతో భోజనముచేసి, చేనికి పోయెను.